కోర్టు శిక్ష తగ్గిస్తే ఖజానాకు నిజంగా ఎంత మిగులుతుంది? కాలిఫోర్నియా లెక్కలతో ఒక పోలిక

కాలిఫోర్నియాలోని ట్రేసీలో ఉండే మా తోడల్లుడు లెక్కల మనిషి. 2024 అక్టోబర్‌లో ఓ ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్తే, పెరుగన్నం అవగానే ప్లేట్లు పక్కకి జరిపి ఓటరు గైడు టేబుల్ మీద పరిచాడు. అప్పుడు బ్యాలెట్ మీదున్నది కొన్ని దొంగతనం, డ్రగ్స్ కేసుల్లో శిక్షలు పెంచే ప్రాప్ 36 (ప్రాప్ అంటే ప్రజలే నేరుగా ఓటేసి తేల్చే చట్ట ప్రతిపాదన). ఆయన బుర్ర మాత్రం రెండో వైపు తిరిగింది.

"అన్నయ్యా, ఈ రాష్ట్రంలో ఒక్కో ఖైదీ మీద ఏడాదికి లక్షా ముప్పై వేల డాలర్లు పెడుతున్నారంట. కోర్టులు ఓ వెయ్యిమందికి శిక్ష తగ్గించి ఇంటికి పంపిస్తే 130 మిలియన్లు మిగిలినట్టే కదా? ఇంత చిన్న లెక్కకి ఇన్ని పేజీలెందుకు?"

ఆయన చెప్పిన అంకె తప్పేం కాదు. శాసనసభకు లెక్కలు చూసిపెట్టే ఎల్.ఏ.ఓ. అనే కార్యాలయం 2022-23కి వేసిన సగటు దాదాపు 1,33,000 డాలర్లు. తప్పల్లా ఆ అంకెని వెయ్యితో గుణించడంలో ఉంది. ఇక్కడ తెలుగువాళ్లలో చాలామంది ఓటు వేసేముందు ఇదే గుణకారం చేస్తారు. శిక్షలు తగ్గించాలనేవాళ్లు మిగులు చూపించడానికి చేస్తారు, వద్దనేవాళ్లు "ఇంత మిగులుతుందన్నారు, ఎక్కడ మిగిలింది?" అని నిలదీయడానికి చేస్తారు. ఇద్దరి లెక్కా ఒకే చోట బోల్తా కొడుతుంది.

హాస్టల్ ఆంటీ లెక్క

నేను అమీర్‌పేటలో కోర్సు చేసే రోజుల్లో నాలుగంతస్తుల హాస్టల్లో ఉండేవాణ్ణి. నెల మధ్యలో ఖాళీ చేస్తూ "ఆంటీ, సగం డబ్బులు వెనక్కివ్వండి" అంటే ఆవిడ నవ్వింది. "నువ్వెళ్తే నాకు మిగిలేది రెండు ఇడ్లీలు, ఓ గ్లాసుడు బియ్యం నాయనా. వంటమనిషి జీతం తగ్గుద్దా, బిల్డింగ్ అద్దె తగ్గుద్దా?" అంది. తర్వాత ఓ ఏడాదికి పై అంతస్తు మొత్తం ఖాళీ అయితే దాని తాళాలు ఓనరు చేతిలో పెట్టేసిందని విన్నాను. ఆవిడకి డబ్బు మిగలడం మొదలైంది ఆ నెల నుంచే.

జైలూ అంతే. సగటు ఖర్చులో పెద్ద వాటా భద్రతది, అంటే గార్డుల జీతాలది. తర్వాతి వాటా వైద్యానిది. రెండూ కలిస్తే మిగతా ఖర్చులన్నీ చిన్నవైపోతాయి. ఒక ఖైదీ వెళ్లిపోతే వాచ్‌టవర్ మీద మనిషి దిగడు, రాత్రి షిఫ్టు నర్సు ఇంటికెళ్లదు. తగ్గేది తిండి, బట్టలు, మందులు. ఇలా ఒక్కరు తగ్గితే తగ్గే ఖర్చుని ఎల్.ఏ.ఓ. ఏడాదికి సుమారు 15 వేల డాలర్లుగా లెక్క కడుతుంది. మా తోడల్లుడి 130 మిలియన్లు ఒక్కసారిగా 15 మిలియన్లయ్యాయి.

ఇంకో తిరకాసుంది. 2018-19లో ఇదే సగటు 81 వేల చిల్లర. నాలుగేళ్లలో అంత పెరగడానికి జీతాలు, వైద్యం, కోవిడ్ అన్నీ కారణాలే గానీ, ఖైదీల సంఖ్య పడిపోవడం కూడా పెద్ద కారణమే. మొత్తం ఖర్చు తగ్గక తలలు తగ్గితే తలకి పడే వాటా పెరుగుతుంది కదా. 2006లో 1,73,000 దాకా ఉన్న ఖైదీలు ఇప్పుడు లక్షలోపే. జైలు శాఖ బడ్జెట్ మాత్రం 14 బిలియన్ల చుట్టూ తిరుగుతోంది. అందుకే "ఒక్కో ఖైదీకి ఇంత ఖర్చవుతోంది, కాబట్టి వదిలేద్దాం" అనే వాదన ఎవరు చేసినా కాస్త ఆగి వినండి. ఆ అంకె అంత పెద్దగా కనిపించడానికి కొంత కారణం ఇదివరకే చాలామందిని వదిలేయడం.

శిక్ష తగ్గించే అధికారం ఎవరికివ్వాలి?

కాలిఫోర్నియాలో శిక్ష పడ్డాక దాన్ని కుదించే దారులు ప్రధానంగా నాలుగు: కోర్టు, పెరోల్ బోర్డు (శిక్ష పూర్తికాకముందే షరతులతో వదలాలా వద్దా అని తేల్చేది), జైలు శాఖ ఇచ్చే సత్ప్రవర్తన క్రెడిట్లు, గవర్నర్ క్షమాభిక్ష. న్యాయం ఎందులో ఎక్కువ, ప్రజల భద్రత ఎందులో ఎక్కువ అనేది ఇంకో రోజంతా మాట్లాడుకోవాల్సిన సంగతి. ఇక్కడ చూసేది డబ్బు కోణం ఒక్కటే.

గవర్నర్‌ది రెండు మాటల్లో తేల్చేయొచ్చు. మాజీ గవర్నర్ జెర్రీ బ్రౌన్ లాంటివాళ్లు వందల్లో శిక్షలు తగ్గించినా అందులో చాలావాటి అర్థం "పెరోల్ బోర్డు ముందుకి వెళ్లు" అనే. రెండుసార్లు ఫెలనీ (పెద్ద నేరం) కింద శిక్ష పడ్డవాడికైతే రాష్ట్ర సుప్రీంకోర్టు మెజారిటీ సిఫార్సు కూడా కావాలి. మనుషుల జీవితాలు మారతాయి, బడ్జెట్‌లో గీత మారదు. బడ్జెట్ కోసమని ఈ దారిని ఎంచుకునే పని లేదు.

మిగతా మూడింటిలో కోర్టు దారే ఎక్కువ చిక్కు, ఎక్కువ ఆసక్తికరం కూడా.

కోర్టు దారి: ఖర్చు ఈ ఏడాది, మిగులు ఎప్పుడో

"కోర్టుకి అధికారం ఇవ్వడం" అనే మాటలో రెండు వేర్వేరు పనులున్నాయి. వీటిని కలిపేస్తే లెక్క తప్పుతుంది.

మొదటిది, చట్టం మారినప్పుడు పాత ఖైదీలకీ దాన్ని వర్తింపజేయడం. 2012 నాటి ప్రాప్ 36 అలాంటిది (2024 ప్రాప్ 36తో కలపకండి, ఈ రాష్ట్రం నంబర్లని తిరగేసి వాడుతుంది. అది శిక్షలు తగ్గించింది, ఇది పెంచింది). మూడో నేరం తీవ్రమైనది కాకపోయినా "మూడు తప్పులు" చట్టం కింద 25 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడ్డవాళ్లు మళ్లీ కోర్టుకి వెళ్లి తగ్గించమని అడగొచ్చు. అర్హులు దాదాపు 3 వేలమంది. 2 వేలమందికి పైగా బయటికొచ్చారు. ఓటరు గైడులో అప్పుడు వేసిన అంచనా చూడండి: రాష్ట్రానికి ఏడాదికి 70 మిలియన్లు, తర్వాతి రెండు దశాబ్దాల్లో 90 మిలియన్ల దాకా మిగులు. దానికెదురుగా కోర్టు విచారణల కోసం రాష్ట్రానికి, కౌంటీలకి (మన జిల్లాల్లాంటివి) ఒకసారి అయ్యే ఖర్చు కొన్ని మిలియన్లు. ఇంత అనుకూలమైన లెక్క అరుదు. కారణం సులువే. ఆ మనుషుల ముందు ఇంకా పదేళ్లు, ఇరవయ్యేళ్ల శిక్ష మిగిలుంది, ఎవరు అర్హులో జాబితా ముందే తయారుగా ఉంది.

రెండోది, విడివిడిగా ఒక్కో మనిషి శిక్షని మళ్లీ తెరిచి చూడటం. 2019 నుంచి ఇక్కడ డిస్ట్రిక్ట్ అటార్నీ (కౌంటీలో ప్రధాన ప్రాసిక్యూటర్) స్వయంగా "ఈయన శిక్ష తగ్గించండి" అని కోర్టుని అడగొచ్చు. దేశంలో ప్రాసిక్యూటర్లకి ఈ వీలు మొదట ఇచ్చింది కాలిఫోర్నియానే. జైలు శాఖ కూడా సిఫార్సు చేయొచ్చు. 2024 జనవరి 1 నుంచి ఏబీ 600 అనే చట్టంతో ఇంకో అడుగు పడింది. శిక్ష వేశాక చట్టం మారి ఉంటే, ఎవరూ అడగకపోయినా, డిస్ట్రిక్ట్ అటార్నీ ఒప్పుకోకపోయినా జడ్జి తానుగా ఎప్పుడైనా ఆ శిక్షని వెనక్కి పిలిచి తగ్గించొచ్చు. ఖైదీకి మాత్రం అర్జీ హక్కు లేదు. ఉత్తరం రాసినా జడ్జి జవాబివ్వాల్సిన పని లేదు.

ఈ రెండో రకంలో డబ్బు ఎటు పోతుందో ఒక్క ఫైలు వెంట నడిస్తే తెలుస్తుంది. ముందు పబ్లిక్ డిఫెండర్ (లాయరుని పెట్టుకోలేనివాళ్ల తరఫున వాదించే ప్రభుత్వ లాయరు) ఆఫీసు జైలు నుంచి సీ-ఫైల్ తెప్పించుకోవాలి. ఆ మనిషి జైల్లో గడిపిన ప్రతి ఏడాదీ, ప్రతి గొడవా, ప్రతి సర్టిఫికెట్టూ ఉండే ఫైలది. ఇరవయ్యేళ్లు లోపలున్నవాడిదైతే వేల పేజీలు. ఎవరో కూర్చుని అది చదవాలి. పాత ట్రయల్ కాగితాలు గోడౌన్ నుంచి రావాలి. డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసు నుంచి ఒకరు బాధితుల కుటుంబాన్ని వెతికి, ఫోన్ చేసి చెప్పాలి, వాళ్లు మాట్లాడతామంటే కోర్టులో సమయం ఇవ్వాలి. ఇరవయ్యేళ్ల తర్వాత వచ్చే ఆ ఫోన్ ఎలా ఉంటుందో ఆలోచించండి. బయటికొచ్చాక ఎక్కడుంటాడు, ఎవరు చూసుకుంటారు అనే ప్లాన్ సోషల్ వర్కర్ రాయాలి. ఇదంతా అయ్యాక జడ్జి ముందు గంటో, పూటో. బయటికొచ్చే రోజున చేతిలో పెట్టే గేట్ మనీ 200 డాలర్లు. 1973 నుంచీ అంతే, పైసా పెరగలేదు.

2021 బడ్జెట్‌లో రాష్ట్రం ఇలాంటి పనికే 18 మిలియన్లు తీసి తొమ్మిది కౌంటీల్లో మూడేళ్ల ప్రయోగం పెట్టింది. లాస్ ఏంజిలిస్, శాన్ డియేగో, శాంటా క్లారా లాంటి పెద్దవి, యోలో, హంబోల్ట్ లాంటి చిన్నవి అందులో ఉన్నాయి. డబ్బు ప్రాసిక్యూటర్లకీ, పబ్లిక్ డిఫెండర్లకీ, బయట సాయం చేసే సంస్థలకీ వెళ్లింది. ఎందుకు పెట్టాల్సి వచ్చిందనేదే అసలు విషయం. ఇక్కడ ట్రయల్ కోర్టుల ఖర్చు 1997 చట్టం తర్వాత రాష్ట్రానిది. ప్రాసిక్యూటర్, పబ్లిక్ డిఫెండర్, ప్రొబేషన్ ఆఫీసర్ల జీతాలు కౌంటీవి. జైలు ఖర్చు రాష్ట్రానిది. అంటే కోర్టు ఒక శిక్ష తగ్గిస్తే పని కౌంటీది, మిగులు శాక్రమెంటోది, అంటే రాష్ట్ర ప్రభుత్వానిది. అల్లుడు కట్టించిన ఇంటికి మామగారు అద్దె వసూలు చేసుకుంటున్నట్టు. ఊరికే "అధికారం ఇచ్చాం" అని చట్టం చేసి డబ్బు పంపకపోతే, బుద్ధున్న ఏ కౌంటీ అయినా ఆ ఫైళ్లని అడుగుకి తోసేస్తుంది. జడ్జి తానుగా చేయొచ్చన్న ఏబీ 600కి కూడా ఇదే గండం. ఎవరి ఫైలు తెరవాలో జడ్జికి ఎవరు చెప్తారు? చెప్పే మనిషికి జీతం ఎవరిస్తారు?

ఇప్పుడు లాభనష్టాలు చూద్దాం. ఈ అంకె నేను ఊహకి వేస్తున్నది: ఒక ఫైలుకి అందరి పనీ కలిపి 20 వేల డాలర్లు అయిందనుకోండి. ఇంకా రెండేళ్ల శిక్ష మిగిలినవాడైతే విచారణ తేలేసరికే ఆరేడు నెలలు పోతాయి. మిగిలేది ఏడాదిన్నర, అంటే ఏడాదికి 15 వేల చొప్పున ఇరవై రెండు వేలు. పడ్డ కష్టానికి సరిపోయింది. పన్నెండేళ్లు మిగిలినవాడైతే లక్షా డెబ్బై వేల దాకా. కాబట్టి కోర్టు దారి పొడవాటి శిక్షలకి పెట్టింది, చిన్న శిక్షలకి దండగ.

కానీ అక్కడా ఓ మెలిక. ఆ పన్నెండేళ్లవాడికి ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లనుకోండి, ఇరవయ్యేళ్లు లోపలున్నాడనుకోండి. 2021 నుంచి చాలామంది యాభై దాటి ఇరవయ్యేళ్లు పూర్తి చేస్తే వయసు మీద పెరోల్ బోర్డు ముందుకి వెళ్లగలరు. ఆయన మరో మూడేళ్లలో ఎలాగూ ఆ దారిన వచ్చేవాడైతే కోర్టు మిగిల్చింది పన్నెండేళ్లు కాదు, మూడేళ్లే. అంచనాలు రాసేవాళ్లు కొట్లాడుకునేది సరిగ్గా ఇక్కడే: కోర్టు కలగజేసుకోకపోతే ఏం జరిగేది?

ఆ కొట్లాట ఎంత పెద్దదో 2016లో చూశాం. 2014 నాటి ప్రాప్ 47 చిన్న దొంగతనాలని, డ్రగ్స్ దగ్గర పెట్టుకున్న కేసులని మిస్‌డిమీనర్ (చిన్న నేరం) స్థాయికి దించి, పాత ఖైదీలు కోర్టుకి వెళ్లి తగ్గించుకునే వీలిచ్చింది. మిగిలిన డబ్బు విడిగా ఒక నిధిలో వేసి 65 శాతం మానసిక ఆరోగ్యం, డ్రగ్స్ చికిత్స లాంటి కార్యక్రమాలకి, 25 శాతం బడిమానేసే పిల్లల కోసం, 10 శాతం బాధితుల సాయానికి ఇవ్వాలని చట్టంలోనే రాశారు. సరే, మొదటి ఏడాది ఎంత మిగిలింది? గవర్నర్ ఆర్థిక శాఖ 29.3 మిలియన్లంది. ఎల్.ఏ.ఓ. దానికంటే 100 మిలియన్ల దాకా ఎక్కువుండాలంది. జైలు మిగులుని తక్కువ చూపారు, కోర్టు ఖర్చుని ఎక్కువ చూపారు అన్నది దాని అభ్యంతరం. ఒకే చట్టం, ఒకే ఏడాది, ఒకే ఊళ్లో ఉన్న రెండు ప్రభుత్వ ఆఫీసులు! కాబట్టి "ఇంత మిగులుతుంది" అని ఎవరైనా ఒక్క అంకె చెప్తే, అది ఎవరి అంకె అని అడగండి.

పెరోల్ బోర్డు

బోర్డు దారిలో మంచి విషయం ఏంటంటే ఖర్చూ మిగులూ ఒకే జేబులో ఉంటాయి. కమిషనర్ల జీతం, ఖైదీ తరఫు లాయరు ఫీజు, సైకాలజిస్టు రిపోర్టు అన్నీ రాష్ట్రానివే. కౌంటీకి ఇబ్బంది తక్కువ. చేసే పని అలవాటైన పని, అందుకని ఒక్కో విచారణకి కొత్తగా అన్నీ సమకూర్చుకోనక్కర్లేదు. చెడ్డ విషయం, బోర్డు గడప ఎక్కలేనివాళ్లు కొందరున్నారు. పెరోల్ లేని యావజ్జీవం పడ్డవాళ్లకి ఆ తలుపే లేదు, వాళ్లకి కోర్టో గవర్నరో దిక్కు. పైగా బోర్డు "కాదు" అంటే మళ్లీ కొన్నేళ్ల దాకా విచారణ ఉండదు.

క్రెడిట్లు: చప్పుడు లేని దారి

2016 నాటి ప్రాప్ 57 జైలు శాఖకి క్రెడిట్లు పెంచే అధికారం ఇచ్చింది. చదువుకుంటే కొన్ని వారాలు, గొడవ పడకపోతే శిక్షలో ఇంత శాతం. 2021లో హింసాత్మక నేరాలవాళ్లకి కూడా ఈ శాతాన్ని అయిదో వంతు నుంచి మూడో వంతుకి పెంచారు. విచారణ లేదు, లాయరు లేడు, జడ్జి లేడు. కంప్యూటర్లో విడుదల తేదీ మారుతుంది, అంతే. మనిషికి తగ్గేది నెలలే కావొచ్చు, కానీ వేలమందికి ఒకేసారి తగ్గుతుంది. ప్రాప్ 57 మొత్తానికి ఓటరు గైడు వేసిన అంచనా ప్రకారం రాష్ట్రానికి ఏడాదికి పదుల మిలియన్ల మిగులు, కౌంటీలకి కొన్ని మిలియన్ల ఖర్చు.

డబ్బు ఒక్కటే చూసేవాడికి ఇదే అన్నిటికంటే చవక. అయితే క్రెడిట్లు మనిషిని చూడవు, రోజుల్ని లెక్కపెడతాయి. బాధితులకి మాట్లాడే వేదిక ఉండదు. ఏదైనా ఒక్క విడుదల వికటిస్తే జనం కోపం మొత్తం పద్ధతి మీద పడుతుంది, ఆ కోపంలో చట్టం మళ్లీ వెనక్కి తిరుగుతుంది. 2024 ప్రాప్ 36 నెగ్గడం వెనుక కూడా జనం కోపమే ఉంది, అక్కడది దొంగతనాలు, డ్రగ్స్ మీద. దాని అంచనా రాష్ట్రానికి ఏడాదికి పదుల మిలియన్ల నుంచి తక్కువ వందల మిలియన్ల దాకా అదనపు ఖర్చు. చవకగా సంపాదించిన మిగులు అలా కూడా పోతుంది.

ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు: ఇక్కడ మాత్రం కోర్టే

15 వేలు అనేది సగటు ఖైదీకి. డయాలసిస్ మీదున్నవాడికి, మంచం పట్టినవాడికి, డిమెన్షియాతో తన గది ఏదో మర్చిపోయినవాడికి అది వర్తించదు. అలాంటివాణ్ణి బయటి ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే వెంట గార్డులు షిఫ్టుల్లో కూర్చోవాలి, ఓవర్‌టైమ్ ఇవ్వాలి. ఒక్క మనిషి వెళ్లినా నిజంగా తగ్గే ఖర్చు ఇది.

2023 నుంచి అమల్లోకొచ్చిన ఏబీ 960తో, కోలుకోలేని జబ్బున్నవాళ్ల కోసం జైలు డాక్టర్ల మాట మీద శాఖ కోర్టుకి సిఫార్సు పంపుతుంది, కోర్టు త్వరగా తేల్చాలి. వయసు మీదపడ్డవాళ్లు మళ్లీ నేరం చేసే అవకాశం బాగా తక్కువ, కాబట్టి తిరిగొచ్చి మిగులుని తినేసే భయమూ తక్కువే.

ఇందులో ఇంకో లెక్క దాగుంది. జైల్లో ఉన్నంతకాలం మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) మామూలుగా పనిచేయదు. ఆస్పత్రిలో 24 గంటలు దాటి ఇన్‌పేషెంట్‌గా ఉంటే తప్ప దాదాపు ప్రతి మాత్రా రాష్ట్రం డబ్బే. బయటికొచ్చి మెడికాల్‌లో (కాలిఫోర్నియాలో మెడికెయిడ్ పేరు) చేరితే కనీసం సగం ఖర్చు ఫెడరల్ ప్రభుత్వానిది. రాష్ట్రం మిగిల్చిన దాంట్లో కొంత నిజంగా మిగిలింది కాదు, వాషింగ్టన్ నెత్తిన పెట్టింది.

అదే వాషింగ్టన్ వైపు నుంచి చూస్తే బొమ్మ తిరగబడుతుంది. 2018లో ఫెడరల్ ఖైదీల కోసం ఫస్ట్ స్టెప్ యాక్ట్ వచ్చినప్పుడు కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు, పదేళ్లలో తప్పనిసరి ఖర్చు 300 మిలియన్లకు పైగా పెరుగుతుందని లెక్క వేసింది. ముందే బయటికొచ్చినవాళ్లు ఆరోగ్య బీమాకీ ఆహార సాయానికీ అర్హులవుతారు కదా! జైళ్లలో తగ్గే ఖర్చు ఏటా కాంగ్రెస్ కేటాయించే డబ్బు పద్దులోది, అది ఆ లెక్కలోకే రాదు. రాజధాని నగరం వాషింగ్టన్ డి.సి. సంగతైతే మరీ విడ్డూరం. అక్కడి కోర్టు చిన్న వయసులో నేరం చేసినవాళ్ల శిక్షల్ని మళ్లీ చూసి తగ్గించొచ్చు, కానీ 1997 చట్టం తర్వాత డి.సి. ఫెలనీ ఖైదీలు ఉండేది ఫెడరల్ జైళ్లలో. శిక్ష తగ్గిస్తే డి.సి. ఖజానాకి జైలు మిగులు దాదాపు సున్నా.

తాళం పడితేనే

మొదట చెప్పిన హాస్టల్ ఆంటీ దగ్గరికే రావాలి. 2021 సెప్టెంబర్‌లో రాష్ట్రం ట్రేసీలోని డ్యూయెల్ జైలు మూసింది. మా తోడల్లుడి ఇంటికి కూతవేటు దూరం, క్యాసన్ రోడ్డు మీద. ఆ ఒక్క తాళంతో ఏడాదికి 150 మిలియన్లు మిగులుతాయని అంచనా. సగటు లెక్కల్లో కనిపించే పెద్ద అంకె నిజమయ్యేది ఇలాగే. తర్వాత సుసాన్‌విల్‌లో ఒకటి 2023లో, బ్లైత్ దగ్గర చకవాలా 2024లో మూశారు. కాలిఫోర్నియా సిటీలో అద్దెకి తీసుకున్న జైలుని వదిలేశారు. నార్కోలోది 2026లో మూస్తామన్నారు. ఒకప్పటి విలాసాల హోటల్ ఆవరణలో పెట్టిన జైలు అది, మరమ్మతులకే బోలెడు డబ్బు కావాలి. 2023లో ఎల్.ఏ.ఓ. ఇంకో అడుగు ముందుకేసి, 15 వేల దాకా పడకలు ఖాళీగా ఉన్నాయి, మరో ఐదు జైళ్లు మూయొచ్చు, ఏడాదికి దాదాపు ఒక బిలియన్ మిగులుతుంది అంది.

మూయడం మాటలు కాదు. సుసాన్‌విల్ ఊరే కోర్టుకెక్కి ఏడాదికి పైగా ఆపించింది. ఊరి ఉద్యోగాల్లో అంత భాగం జైలువే మరి. శిక్ష తగ్గించే జడ్జికీ, జైలు మూసే నిర్ణయానికీ మధ్య ఓ శాసనసభ, ఓ ఉద్యోగుల యూనియన్, ఓ చిన్న ఊరు అడ్డంగా ఉంటాయి.

ఎవరు దేన్ని ఎంచుకోవాలి?

మీకు కావలసింది రాష్ట్ర బడ్జెట్‌లో పెద్ద మిగులైతే, ముందు ఏ జైలు ఎప్పుడు మూస్తారో చెప్పమనండి. తర్వాతే శిక్షల సంగతి. ఆ మూతకి సరిపడా ఖాళీలు త్వరగా రావాలంటే క్రెడిట్లు, చట్టం మార్చి జాబితా ప్రకారం కోర్టుకి పంపడం (2012 పద్ధతి) రెండే పనికొస్తాయి. జడ్జి ఒక్కో ఫైలు తెరిచే పద్ధతితో ఒక జైలు ఖాళీ కావాలంటే మన మనవలు చూడాలి.

వైద్య ఖర్చు తగ్గించాలంటే కోర్టు దారి, అందులోనూ జబ్బు, వయసు ఆధారంగా. దీనికి జైలు మూయనక్కర్లేదు, ఫలితం ఆ ఏడాదే కనిపిస్తుంది.

మీరు కౌంటీ బడ్జెట్ చూసే మనిషైతే, రాష్ట్రం డబ్బు పంపకుండా పంపే ఏ పునఃసమీక్షకీ చేయెత్తకండి. బోర్డు దారి మీకు నయం. మీరు మామూలు ఓటరైతే గైడులో ఆర్థిక ప్రభావం అనే పేరాలో రెండు మాటలు వెతకండి: "నికర" అని ఉందా, రాష్ట్రానికీ కౌంటీకీ విడివిడిగా చెప్పారా. లేకపోతే ఆ అంకెని నమ్మకండి.

నా మటుకు నేను కోర్టుకి అధికారం ఇవ్వడానికే ఓటేస్తాను. అది డబ్బు కోసం మాత్రం కాదు. బాధితులు, జడ్జి, ఖైదీ ఒకే గదిలో కూర్చునేది ఆ దారిలోనే. డబ్బు మిగులుతుందని చెప్పి అమ్మడం మాత్రం నాకు నచ్చదు.

ఇక్కడిది చూసి "మన దగ్గర కూడా పెట్టొచ్చుగా" అనే ఫోన్లు ఇంటినుంచి వస్తుంటాయి. భారతదేశంలో తీర్పు మీద సంతకమయ్యాక రాత తప్పులు దిద్దడం తప్ప అదే కోర్టు దాన్ని మార్చకూడదు. ఇది క్రిమినల్ విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 403వ సెక్షన్, పాత సీఆర్‌పీసీ 362. అప్పీలు వేరే సంగతి. శిక్ష తగ్గించే రెమిషన్ ప్రభుత్వం చేతిలో ఉంటుంది, అందుకే ఆంధ్ర, తెలంగాణల్లో ఆగస్టు 15, జనవరి 26 దగ్గరపడితే ఆ మాట వినపడుతుంది. అసలు 2022 చివర్లో దేశం మొత్తం జైళ్లలో నూటికి దాదాపు 76 మంది శిక్షే పడని విచారణ ఖైదీలు. అక్కడ ఖజానా గురించి ఆలోచించేవాడు శిక్ష తగ్గింపు కాదు, బెయిలు వైపు చూడాలి.

ఆ ఆదివారం నా లెక్క విన్నాక మా తోడల్లుడు గైడు మూసి, కారు తాళాలు తీసి, "పద అన్నయ్యా, ఆ జైలు చూసొద్దాం" అన్నాడు. గేటు మూసుంది, కంచె అలాగే ఉంది, గడ్డి నడుముల దాకా పెరిగింది. ఇలాంటివి మూసిన వెంటనే అమ్మేయరు, కనీసం కొన్నాళ్లు పైపులూ వైర్లూ పాడవకుండా కొద్దిమంది సిబ్బందిని పెట్టి కాపాడతారని చెప్పాను. ఆయన కిటికీ దించి కాసేపు చూశాడు.

"మరి దీని కరెంటు బిల్లు మన లెక్కలో వేశామా?"